వాషింగ్ మిషన్‌లో చలిమంట

పదమూడేళ్ళు గిరగిరా తిరిగి
మొన్న మంగళవారం సబ్బునీళ్ళ మధ్యలో ఆగిపోయింది.
నెత్తిమీద రెండు తట్టాడు నొల్బెర్తో,
పక్కనించి ఒకటి తన్నాడు,
చెవి ఆనించి విన్నాడు.
"పోయింది" అన్నాడు
ముసలి ఆవు సంగతి చెప్పినట్టు.

చేపల కంపెనీ అతణ్ణి మానిపించి అప్పటికి రెండు నెలలు.
మా చిలోయే దీవిలో అది వేసవి,
అంటే వాన కాస్త వెచ్చగా కురిసే కాలం.
పాతసామాన్ల లారీవాడు ఆరువేల పెసోలిస్తానన్నాడు.
రొట్టె ఎంత, పంచదార ఎంత అని
నేను వేళ్ళు ముడుస్తుండగానే
"అమ్మం" అన్నాడు నొల్బెర్తో.
ఏనుగు చచ్చినా వెయ్యే అంటారు,
మా ఏనుక్కి ఆ వెయ్యి ఎవరు కడతారు?

ఆదివారం దాన్ని పెరట్లో పడుకోబెట్టి
పొట్ట విప్పాం.
గొట్టం కోళ్ళ నీళ్ళతొట్టికి పోయింది.
గుండ్రటి గాజు తలుపు పిల్లాడు ఎత్తుకుపోయాడు,
చలికి కొత్తిమీర మొలకల మీద బోర్లిస్తాడట.
మోటారుని మాత్రం గుడ్డలో చుట్టి
మంచం కిందకి తోశాడు నొల్బెర్తో.
ఎందుకని నేనడగలేదు.
అడిగితే, అతనికీ తెలీదని తెలిసిపోతుంది.

డ్రమ్ముకీ తొడుగుకీ మధ్య సందులో
ఇన్నాళ్ళ మా ఇల్లు దొరికింది.
పిన్నీసులు, చెల్లని నాణెం,
మా అత్త ఒర్ఫెలీనా జపమాలలోంచి ఒక పూస,
ఇంకా
ఒక పాలపన్ను.
ఆరేళ్ళప్పుడు జేబులో దాచి పోగొట్టుకుని
దిండు కింద పెట్టడానికి ఏమీ లేదని, ఇక ఎలుక రాదని
రాత్రంతా ఏడ్చింది మిల్యారాయ్, దీనికోసమే.
ఇప్పుడు అరచేతిలో పెట్టుకుని
"ఇంత చిన్నదా!" అంది
నోరంతా పళ్ళతో.

డ్రమ్ము మిగిలింది.
మూడు రాళ్ళ మీద నిలబెట్టి
ఎండిన తెపూ కట్టెలు పేర్చి అంటించాం.
పైన కప్పుగా, ఎన్నికలయ్యాక కంచెకి వేలాడిన ప్లాస్టిక్ బ్యానరు.
ఓడిపోయిన అభ్యర్థి నవ్వుతూనే ఉన్నాడు మా నెత్తిన.
కూర్చోడానికి పెయింటు డబ్బాలు.
నివురు కింద ఊదారంగు బంగాళాదుంపలు.

చీకటి పడ్డాక గాని తెలీలేదు
ఏం చేశామో.
డ్రమ్ము చిల్లుల్లోంచి వెలుగు చుక్కలుచుక్కలుగా చిమ్మి
మా అందరికీ
ఆటలమ్మ పోసింది.
నొల్బెర్తో బుగ్గల మీద, పిల్లాడి మోకాళ్ళ మీద,
గోడ మీద, కుక్క మీద.
కుక్కని కదలొద్దని బతిమాలుతూ
చుక్కలు లెక్కపెడుతున్నాడు పిల్లాడు.

ఈ ఇద్దరి ఉచ్చగుడ్డలూ తిరిగింది ఇందులోనే.
నొల్బెర్తో కంపెనీ చొక్కా
చేపకంపు వదలక మూడేసిసార్లు తిరిగిందీ ఇందులోనే.

ఇంతలో వాన.
ఎవరం లేవలేదు.
అభ్యర్థి ముందు పంటి దగ్గర చిరుగులోంచి
ధార పట్టి కారి
సరిగ్గా నొల్బెర్తో మెడ మీద పడింది.
రెండు నెలల్లో మొదటిసారి
నవ్వాడు,
దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

పక్కింటి రొసెండో ఇప్పుడు
తన మిషను ఎప్పుడు చెడుతుందా అని చూస్తున్నాడు.
చూడనీ.
సోమవారం పొద్దున్న నేను
తొట్టి ముందు మోకాళ్ళ మీద కూర్చుని
నలుగురి బట్టలు చన్నీళ్ళలో పిండాను.
వేళ్ళు మొద్దుబారి, వంకర్లు తిరిగి,
టీ కప్పు పట్టుకోలేకపోయాను.
ఈ మంట లెక్కలో అదీ రాసుకోవాలి.

బూడిద వెల్లుల్లి మడిలోకి పోయింది.
తీగ మీద దుప్పట్లకి మధ్యాహ్నానికల్లా
రాత్రి పొగ వాసన పట్టింది.
మళ్ళీ తడపాలేమోనని ఒకదాన్ని లాగి,
ముక్కు దగ్గర పెట్టుకుని,
కాసేపు అలాగే ఉండి
తీగ మీదే వేసేశాను.